సరే అనే మాట

ఆగకు మనవరాలా, ఇంకా ఉంది, రాయి. నాగపూర్‌లో మాలతీ తాయి, తాయి అంటే మరాఠీలో అక్క, తన పాత కారు మనకి అమ్మింది కదా. అది తనంతట తానే రోడ్డు పట్టుకుని మన తునికి బయల్దేరింది. మన డబ్బంతా మధ్యవర్తి దగ్గర ఉంది. మధ్యవర్తి అంటే మనిషి కాదు, ఫోన్లో గొంతు. ఎప్పుడూ చెవి ఒగ్గి ఉంటుంది. నా నోట "సరే" వినబడితే చాలు, డబ్బు ఆవిడకి పంపేస్తుంది. కారు చూడకుండా అనేశానా, బండి పాడుదైతే డబ్బూ పోయి మీ నానమ్మని డయాలసిస్‌కి తీసుకెళ్ళే దారే ఉండదు.

నాకేమో మాటకి ముందు సరే, వెనక సరే.

"కారొచ్చేదాకా ఆ నోరు కట్టేసుకోవయ్యా" అంది నానమ్మ. కాఫీ తాగుతావా అంటే కూడా "ఊఁ" అనే అన్నాను.

కారొచ్చింది. తలుపు తియ్యగానే ఆ కారే చెప్పింది: "తాతగారూ, వానొస్తే ఎడమ కిటికీ కారుతుంది. దాచొద్దని తాయి చెప్పింది."

మీ నానమ్మ వెళ్ళి ఆ ఎడంపక్కే కూర్చుంది.

"కారన్నాక కారదా ఏంటి! గొడుగు పట్టుకుంటాలే. నిజం చెప్పే బండి మళ్ళీ దొరుకుతుందా? ఇక అను."

వీధంతా వినబడేలా "సరే" అన్నాను.

ఇదంతా ఆ తాయికి ఫోన్ చేసి, నీకొచ్చిన మరాఠీలో చదివి వినిపించమ్మా.