శనివారం రన్‌వే

హైదరాబాద్ విమానం ఇంకా సముద్రం మీదే ఉంది. మస్కట్‌లో ఏ రన్‌వే మీద దించాలో తేలక ప్రభాకర్ అప్పుడే గోళ్లు కొరుకుతున్నాడు.

అతను కూర్చున్నది మస్కట్ శివారు మబేలాలో, తన అద్దె ఫ్లాటు హాల్లో, కంప్యూటర్ ముందు. వారమంతా ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో స్టోర్ కీపర్. శుక్ర, శనివారాలు మాత్రం ఫ్లైట్ సిమ్యులేటర్‌లో కెప్టెన్. అదీ ఆషామాషీ కెప్టెన్ కాదు. అసలు విమానం శంషాబాద్‌లో ఎప్పుడు లేస్తే ఇతనిదీ అప్పుడే లేవాలి. బయట వీచే గాలే కంప్యూటర్‌లోనూ వీచాలి. ఎయిర్‌పోర్టు బోర్డు మీద వేసే టైములు అతను నమ్మడు. గాలి చూసి, రన్‌వే తేల్చి, దారి లెక్క కడితే విమానం దిగే నిమిషం తనకంటే బాగా ఎవరూ చెప్పలేరని అతని ధీమా.

ఇవాళ ఆ ధీమాకు పరీక్ష. పోయినేడాది ఇదే విమానం విషయంలో లేటయ్యాడు. అప్పుడు పడ్డ మాటలు పగవాడికి కూడా వద్దు. ఈసారి నిమిషం కూడా ఆలస్యం కానివ్వనని ఒట్టేశాడు. ఒట్టు తప్పితే ఆ కంప్యూటర్ మూడో అంతస్తు బాల్కనీ నుంచి నేరుగా నేల మీద ల్యాండవుతుందని జవాబొచ్చింది. ఊరికే బెదిరించే రకం జవాబు కాదది.

అందుకే పొద్దున్నే తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, సెంటు కొట్టుకుని మరీ కూర్చున్నాడు. విమానం నడపడానికి సెంటెందుకని అడక్కండి.

“అయిందా భాయ్?” కింది ఫ్లాటు జిలాని తలుపులోంచి తొంగిచూశాడు. కడప మనిషి. ఇద్దరూ అతని కారులో బయటికి పోదామనుకున్నారు. తాళాలు చేతిలో ఆడుతున్నాయి.

“దిగనీ. దిగంగనే పోదాం.”

“ఇంగ ఎంతసేపు? బండి ఎండలో కాలిపోతాంది.”

“ముందు రన్‌వే తేలాలె గదా!”

చిక్కంతా అక్కడే. వడ్లు తూర్పారబట్టే రైతులాగే, దిగే విమానం కూడా గాలి ఎటునుంచో చూసుకోవాలి. గాలికి ఎదురుగా దిగాలి. మస్కట్ రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. పడమటి ముఖంగా దిగితే హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు తిన్నని దారి. ప్రభాకర్ అదే అనుకున్నాడు. పొద్దుటి గాలి కూడా సరేనంది. తీరా దగ్గరికొచ్చాక గాలి మనసు మార్చుకుని తూర్పు నుంచి, సముద్రం మీంచి వీయడం మొదలెట్టింది. ఇప్పుడు ఎయిర్‌పోర్టు దాటి అవతలికి పోయి, వెనక్కి తిరిగి, తూర్పు ముఖంగా దిగాలి.

“తిప్పు మరి,” అన్నాడు జిలాని.

“శనివారం. తూర్పు శూల.”

జిలాని అతన్ని ఎగాదిగా చూశాడు. “కంప్యూటర్ ఇమానానికి శూలేంది సామీ?”

“రోజూ లేదు. ఇయ్యాల్టి దానికి ఉంది.”

నిజానికి ప్రభాకర్ ఇలాంటివి పట్టించుకునే మనిషి కాడు. మంగళవారం గడ్డం గీసుకుంటాడు. అమావాస్య నాడు కొత్త ఫోన్ కొన్నాడు. కానీ ఇవాళ్టి ప్రయాణం క్యాలెండర్ చూసి మరీ ఖాయమైంది. శనివారం పడమర దిక్కుకు ఏ దోషమూ లేదు. సముద్రమంతా పడమరగా దాటించి, చివరి నాలుగడుగులూ తూర్పు ముఖం పెట్టించి మాట పడటం ఎందుకు?

పడమటికే దించబోయాడు. వెనక నుంచి గాలి తోస్తుంటే విమానం ఎంతకీ కిందికి రాలేదు. రన్‌వే సగం దాటినా చక్రాలు ఆనలేదు. మళ్లీ పైకి లేపాడు.

అప్పుడే బయట నిజం విమానమొకటి మబేలా మీదుగా కిటికీలు అదిరేలా పోయింది.

“అది చూడు, తూర్పుకే పోతాంది. ఎంచక్కా దిగుతాంది,” అన్నాడు జిలాని, కిటికీలోంచి మెడ సాచి.

“వాళ్లకేం తెలుసు శూల!” అని ప్రభాకర్ చిరాగ్గా హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకున్నాడు.

జిలాని ఆకాశం వైపు చూశాడు. ప్రభాకర్ వైపు చూశాడు. చేతిలో తాళాల వైపు చూశాడు.

“నేను పోయొస్తా భాయ్,” అన్నాడు.

ప్రభాకర్‌కు వినపడలేదు. రెండోసారి కూడా పడమటికే ప్రయత్నిస్తున్నాడు. ఈసారి ఇంకొంచెమైతే విమానం రన్‌వే దాటి ఇసుకలో దిగబడేది. ఒళ్లంతా చెమట పట్టింది. సెంటు వాసన ఎప్పుడో పోయింది. చివరికి క్యాలెండర్ వైపు తిరిగి దండం పెట్టుకుని, గాలి చెప్పినట్టే విన్నాడు. మళ్లీ దారి వేసుకున్నాడు. తీరం పట్టుకుని పోయి, చుట్టు తిరిగి, తూర్పు ముఖంగా వచ్చాడు.

దించాడు. అబ్బ, ఏం దించాడు! దూదిపరుపు మీద పిల్లి దూకినట్టు దిగింది. శూలం ఎక్కడా గుచ్చుకోలేదు. ప్రభాకర్ ఛాతీ రెండింతలైంది. ఇంత మెత్తగా దించితే ఎవరైనా ఏమంటారు?

హెడ్‌ఫోన్లు తీసేసరికి వెనక తలుపు చప్పుడైంది.

“జిలానీ, బండి తియ్యి!” అని అరిచాడు, స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండానే. “ఏం తొందర లేదు, మస్తు టైమున్నది. గేటు కాడికి ఇప్పుడే పోతున్న. పాసింజర్లు ఇంక సీట్లకెంచి కూడా లేవలే.”

బరువైన పెట్టెలేవో నేల మీద దబ్బున దిగాయి.

“పాసింజర్లు దిగి గంటయింది గానీ, ఇగ లేచి ఆ కంప్యూటర్‌ను బాల్కనీ దాకా మీరే మోసుకరాండ్రి,” అంది, జిలాని వెనకాలే గడప దాటి వచ్చిన ప్రభాకర్ భార్య శ్రీలత.