రెండు గుండీల డబ్బాలు

నాలుగింటికి ప్రిన్సిపాల్ మేడం వస్తుంది. మూడున్నర దాటింది.

తమ్ముడు కిటికీ దగ్గరికి వెళ్లాడు. వచ్చి కూర్చున్నాడు. మళ్లీ లేచాడు.

“కాలుగాలిన పిల్లిలా ఏంట్రా ఆ తిరగడం? కూర్చో,” అంది అక్క.

కుట్టుమిషను మీద గుడ్డలు పక్కకు తోసి రెండు గుండీల డబ్బాలు పెట్టింది. జాకెట్ల కొలతలు గీసే అట్టను ముక్కలు చేసి, ఒక్కోదాని మీద ఒక ఇంగ్లీషు మాట తెలుగులో రాసింది. ఆమెకు అక్షరాలు వచ్చింది యాభయ్యో ఏట. వంకరగా ఉంటాయి గానీ తప్పులుండవు.

పది మాటల్లో ఎనిమిదింటి పుట్టుక సరిగ్గా చెబితేనే సోమవారం నుంచి క్లాసుకు రానిస్తామంది మేడం. లేకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

అక్క గుడ్డ అట్ట వేసిన పుస్తకం తెరిచి, కూడబలుక్కుంటూ చదివింది. “ఇంగ్లీషుకు పుట్టిల్లు జర్మానిక్ కుటుంబం. జర్మన్, డచ్చి దాని అక్కచెల్లెళ్లు. తర్వాత ఫ్రెంచి మాట్లాడే రాజుల ఏలుబడిలోకి కాపురానికొచ్చింది. లాటిన్ సంతతి మాటలు వేలకు వేలు తెచ్చుకుంది.” తలెత్తింది. “నాలాగే. నడక పుట్టింటిది, చీర అత్తింటిది.”

“బీరువా నిండా అత్తింటి చీరలే,” అన్నాడు మెల్లగా.

“సరే, ఈ డబ్బా పుట్టింటిది, ఆ డబ్బా అత్తింటిది. చెప్పు, వాటర్?”

ముక్క పుట్టింటి డబ్బాలో పడింది.

“జస్టిస్?”

అత్తింటి డబ్బా.

“ఫ్రీడమ్?”

అతని చెయ్యి గాల్లో ఆగింది. దవడ కదిలింది, మాట రాలేదు. ముక్క అత్తింటి డబ్బాలో వేశాడు.

“తప్పు! అత్తింటిది లిబర్టీ. అర్థం ఒకటే, ఇళ్లు వేరు. నిన్న పదిసార్లు చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు!”

“నీకు అ ఆలు దిద్దించినప్పుడు నేనిలా అరిచానా అక్కా?”

“అరవలేదు, నవ్వేవాడివి. అదింకా కష్టం.”

గుమ్మంలో చెప్పుల చప్పుడు. మేడం వచ్చింది. టీ వద్దంది. అట్టముక్కలు చేతిలోకి తీసుకుంది.

టేబుల్ అత్తింటికి చేరింది. బ్రెడ్ పుట్టింటికి. కలర్ దగ్గర తడబడ్డాడు, తప్పు. ఆ కంగారులో హౌస్ కూడా తప్పు. తర్వాతివి ఎలాగో గట్టెక్కాడు. తొమ్మిదయ్యాయి, రెండు పోయాయి. ఇంకొక్కటే మిగిలింది.

“సిస్టర్,” అంది మేడం.

అతను డబ్బాల వంక చూశాడు. అటూ ఇటూ చూశాడు. తన కళ్లలో జవాబు కనబడుతుందేమోనని అక్క గోడవైపు తిరిగిపోయింది.

అతను నవ్వాడు. “మా అక్క... పుట్టింట్లోనే ఉందిగా.”

ముక్క డబ్బాలో టక్కున పడింది.

మేడం మిషను మీది పుస్తకం తీసి, గుడ్డ అట్ట విప్పి, రెండు చేతులతో అతనికి అందించింది.

“సోమవారం తొమ్మిదింటికి పిల్లలు ఎదురుచూస్తుంటారు, జబ్బుపడకముందు మీరు రాసిన ఈ పుస్తకం తెచ్చుకోవడం మరిచిపోకండి మాస్టారూ.”