గడ్డం పెంచని మొగుడు

ఊరు పుట్టి నూటపాతికేళ్లయింది కాబట్టి, పండుగ అయ్యేదాకా మగాళ్లెవరూ గడ్డం గీయకూడదని కమిటీ తీర్మానించింది. గీసినవాణ్ని పండుగనాడు నడివీధిలో సరదాకి కట్టిన చెక్కజైల్లో పెడతారు. అమెరికాలో, నెబ్రాస్కా ఊళ్లలో ఇలాంటివి మామూలే.

ఊరంతా నవ్వుకుంది. కొరిన్‌ గుండెల్లో మాత్రం రాయి పడింది.

ఆమెకి గడ్డం వస్తుంది. పదహారో ఏట డాక్టరు పీసీఓఎస్ అని పేరు చెప్పాడు, ఒళ్లు తగ్గించుకోమన్నాడు, పంపేశాడు. పేరు తెలిసింది గానీ గడ్డం ఆగలేదు. రోజూ మొగుడు డ్వెయిన్ లేవకముందే బాత్‌రూము గడియ వేసుకుని గీసుకుంటుంది. తర్వాత లిప్‌స్టిక్ వేసుకుని ఆడదానిలా బయటికొస్తుంది. ‘ఆడదానిలా’ అన్నది ఆమె మాటే. మనసులో అనుకున్నదే, పైకి ఎవరితోనూ అనలేదు.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె పరువు కాపాడింది ఒక్కటే. మగాడున్న ఇంట్లో సింకులో గడ్డం వెంట్రుకలు కనబడితే ఎవరివని ఎవరూ అడగరు. ఆమె కడగడం మరిచిన రోజు డ్వెయినే నొచ్చుకునేవాడు.

“సారీ కొరిన్, మళ్లీ సింకంతా పాడుచేశాను. కడిగేశాలే.”

ఇప్పుడతను గడ్డం పెంచాడంటే ఆ వెంట్రుకలు ఎవరివవుతాయి?

భోజనాల దగ్గర బంగాళాదుంపలు వడ్డిస్తూ కదిపింది.

“నువ్వూ గడ్డం పెంచుతావా ఏంటి?”

“కమిటీవాళ్లు పెంచమన్నారుగా.”

“వద్దు. గుచ్చుకుంటుంది. నాకు పడదు.”

డ్వెయిన్ కాసేపు నమిలాడు.

“నీకు పడకపోతే మానేస్తా. జైల్లో పెడితే పెట్టుకోనీ.”

ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. ఉప్పు తెస్తానని వంటింట్లోకి వెళ్లింది. ఉప్పు బల్లమీదే ఉంది.

నెల తిరిగేసరికి ఊళ్లో మగాళ్ల మొహాలు కలుపు తియ్యని చేలల్లే తయారయ్యాయి. డ్వెయిన్ మాత్రం రోజూ తువ్వాలు భుజానేసుకుని బాత్‌రూములోకి వెళ్లి, సబ్బు వాసనతో, నున్నటి మొహంతో బయటికొచ్చేవాడు. సాయంత్రానిక్కూడా చెంప గరుకు తేలేది కాదు. అదీ పనితనమంటే, అనుకునేది కొరిన్.

“పెళ్లాం గీత గీస్తే దాటడు మనవాడు” అన్నారు దాణా కొట్టు దగ్గర. డ్వెయిన్ నవ్వి, దాణా బస్తా భుజానికెత్తుకున్నాడు.

“ఏం మందు పెట్టావే నీ మొగుడికి?” అంది పక్కింటి బెర్నిస్.

ఆ మాటకి కొరిన్ వారం రోజులు కుమిలింది. మందు పెట్టేంత ఆడతనం తనకెక్కడిది? నెలసరి వస్తే వస్తుంది, లేకపోతే లేదు. ముద్దు పెట్టుకోబోతే మొహం పక్కకి తిప్పుకుంటుంది. అలాంటిదాని అబద్ధం నమ్మి, ఆ మంచి మనిషి ఊరందరి చేతా మాటలు పడుతున్నాడు. పండుగ రోజు నిజం చెప్పేయాలని నిశ్చయించుకుంది. వదిలేసి పోతే పోనీ అనుకుంది. అనుకున్నంత తేలిగ్గా మాత్రం లేదు.

పండుగనాడు డ్వెయిన్‌ని లాక్కెళ్లి చెక్కజైల్లో పడేశారు. పిల్లలు పాప్‌కార్న్ విసురుతున్నారు. అతను ఏరుకుని తింటున్నాడు. పండుగ చూడ్డానికి కాన్సస్ నుంచి వచ్చిన అత్తగారు ఓపల్, ఒడిలో ఆపిల్ కేకు పెట్టుకుని బెంచీమీద కూర్చుంది. కొరిన్ వెళ్లి పక్కన కూలబడింది. ముందు ఈవిడ దగ్గర నోరు విప్పితే, తర్వాత అతనితో చెప్పడం సులువవుతుందనుకుంది.

“అత్తయ్యా, ఇదంతా నా వల్లే. గడ్డం పెంచొద్దని నేనే అన్నాను. నాకోసమే రోజూ గీసుకుంటున్నాడు.”

అత్తగారు కోడలి మొహంలోకి వింతగా చూసింది.

“వాడు గీసుకోవడమేంటే తల్లీ, చిన్నప్పుడు పెద్ద జబ్బు చేశాక వాడి మొహాన ఈనాటిదాకా ఒక్క వెంట్రుకైనా మొలిస్తేగా.”