వంకర తవ్వకం

"ఆదివారం మేస్త్రీ వస్తున్నాడు. గుమ్మం ముందు ఆ మడి చదును చేయించి సిమెంటు పోయించేస్తా. స్కూటరు పెట్టుకోవచ్చు," అన్నాడు టైలరు, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

ఆయన భార్య వానలు పడే రోజులు దగ్గరపడ్డాయని, ఎండిన బంతిపూలు నలిపి, పొట్టు ఊది విత్తనాలు డబ్బాలో పోసుకుంటోంది. ఊదుతున్నదల్లా ఆగిపోయింది.

"పూల మడిలో సిమెంటా?"

"తవ్వేదెవరు మరి? నా నడుము సంగతి నీకు తెలియంది కాదు. నీ మణికట్టు విరిగి అతుక్కుని ఏడాదైనా కాలేదు. జానెడు మడికి కూలికి ఎవరూ రామంటున్నారు. అడిగి చూశాగా."

"నేను తవ్వుకుంటా."

"పార ముట్టుకున్నావంటే ఊరుకోను."

మాటామాటా పెరిగింది. వాళ్ళ గొంతులకి పక్కింటి కుక్కపిల్ల కూడా మొరగడం మానేసి వింది. చివరికి ఆవిడ డబ్బా మూత ఠక్కున బిగించి, "సరే, పోయించుకోండి. ఇకనుంచి ఆ సిమెంటుతోనే మాట్లాడుకోండి," అంది. అంతే, ఇద్దరికీ మాటల్లేవు.

అయినా ఆవిడకి ఆశ చావలేదు. సాయంత్రం ఆయన బజారుకు వెళ్ళగానే మడి నిండా నీళ్ళు పెట్టింది. ఎండలకి రాయిలా బిగుసుకుపోయిన నేల కాస్త నానితే, తెల్లారి గరిటెతో గీకైనా గుల్ల చేద్దామని ఆవిడ ఎత్తు.

తెల్లారి తలుపు తీసేసరికి మడిలో ఒక మూలంతా తిరగేసి ఉంది. కిందనున్న తడి మట్టి పైకొచ్చి నల్లగా నిగనిగలాడుతోంది.

ముందు నమ్మలేదు. దగ్గరికెళ్ళి చూసింది. ఒకచోట లోతుగా, పక్కనే పైపైన. ఒక వరసంటూ లేదు. ఏటా ఆయన తవ్వితే మిషను కుట్టు వేసినట్టు తిన్నగా ఉండేది. పాపం, నడుము వంగక ఎలా పడితే అలా తవ్వారు అనుకుంది ఆవిడ. నడుము కోసమని ముందుగదిలో చెక్కబల్ల మీద పడుకునే మనిషి, ఎప్పుడు లేచి తవ్వి, ఎప్పుడు వచ్చి పడుకున్నాడో. ఇప్పుడు చూస్తే ఏమీ ఎరగనట్టు మూలుగుతూ లేస్తున్నాడు.

మంకుపట్టు మనిషి, తగ్గానని నోటితో ఒప్పుకోడు. ఆ మాట ఎత్తి ఆయన్ని చిన్నబుచ్చడం ఆవిడకీ ఇష్టం లేకపోయింది. టీ మాత్రం చిక్కగా పెట్టి, చప్పుడు కాకుండా ఆయన పక్కన ఉంచింది.

సాయంత్రం మళ్ళీ నీళ్ళు పెట్టింది, నేల మెత్తగా ఉంటే ఆయనకి శ్రమ తగ్గుతుందని. మర్నాడు ఇంకో మూల తయారు. ఆ మర్నాడు నడిమధ్య. ఆవిడ రోజూ వేన్నీళ్ళు కాచి ఇచ్చింది, నూనె వెచ్చచేసి నడుముకి రాసింది. ఆయనా మారిపోయాడు. ఆవిడ బకెట్టు ఎత్తబోతుంటే చేతిలోంచి లాక్కున్నాడు. "చెయ్యి జాగ్రత్త," అంటూ మొదటి మాట ఆయనే మాట్లాడాడు. గిన్నెలు కూడా తనే కడిగాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఈ మనిషిని సరిగ్గా చూడనే లేదేమో అనిపించింది ఆవిడకి.

ఆదివారం మేస్త్రీ రానే వచ్చాడు. తాపీ చూడగానే ఆవిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. టైలరు ఎదురెళ్ళి మేస్త్రీని గేటు దగ్గరే ఆపేశాడు.

"సిమెంటు వద్దులే మేస్త్రీ. స్కూటరు బయటే ఉంటుంది. తడిస్తే తుడుచుకుంటా."

మేస్త్రీ అటు వెళ్ళగానే ఆవిడ విత్తనాల డబ్బా తెచ్చుకుని మెట్టు మీద కూర్చుంది. ఆయనా వచ్చి పక్కన కూర్చున్నాడు. అంచుల్లో బంతి వేద్దామనుకున్నారు, మధ్యలో చామంతి పిలకలు. నేలసంపెంగ దుంపలు మాత్రం కిటికీ కిందే పెట్టాలంది ఆవిడ.

"అక్కడే ఎందుకు?"

"మీరు మిషను తొక్కుతుంటే వాసన లోపలికి రావాలి." అంతలోనే ఆవిడ ఆయన వైపు తిరిగింది. "ఎందుకండీ అంత కష్టపడ్డారు? ఆ నడుముతో ఇంత మడి తవ్వారు. నేను బతికున్నన్నాళ్ళూ మర్చిపోను."

టైలరు ఆవిడ మొహంలోకి చూశాడు.

"నేను తవ్వడమేమిటి? నువ్వు కాదూ? ఆ వంకరటింకర చూసి, విరిగిన చేత్తో ఎంత అవస్థ పడిందోనని నేను కుమిలిపోతున్నా. ఇంత ప్రాణం పెట్టుకున్నదాన్ని ఏడిపించానే అనే కదా మేస్త్రీని పంపేసింది."

ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు. తర్వాత మడి వైపు చూశారు.

అప్పుడే పిట్టగోడ అవతల పక్కింటి నర్సు తల కనిపించింది. ఆ అమ్మాయి చంకలో కుక్కపిల్ల ఉంది. దాని మూతి నుంచి ముందుకాళ్ళ దాకా మట్టే.

"పిన్నిగారూ, బాబాయిగారూ, ఏ మొహం పెట్టుకుని చెప్పాలో తెలియడం లేదు. నేను రాత్రి డ్యూటీకి వెళ్ళగానే ఈ వెధవ గోడ కింద సందులోంచి మీ వైపు దూరుతోంది. తడి నేల చల్లగా ఉంటుందని రోజుకో చోట తవ్వుకుని పడుకుంటోంది. ఇవాళ డ్యూటీ దిగి వస్తుంటే దొరికింది. మడంతా పాడుచేసేసింది, ఏమీ అనుకోకండి. ఇప్పుడే ఇటుకలు పెట్టి ఆ సందు మూసేస్తాను."

ఆవిడ డబ్బా పక్కన పెట్టి లేచి, నీళ్ళ గొట్టం అందుకుంది. టైలరు గొంతు సవరించుకున్నాడు.

"ఇటుకలు రేపు పెట్టుకుందువుగాని అమ్మా, కుళాయి పక్క మూల ఇంకా మిగిలిపోయింది."