బొటనవేలంత రాగి తీగ

"మళ్ళీ ఆరిపోయిందండీ!" అంటూ డీబగ్గుగారు తల పట్టుకున్నాడు.

"నిన్న సాయంత్రం వెలిగిందిగా! నా కళ్ళతో నేను చూశాను," అంది యాంటెన్నాగారు.

అవి వాళ్ళు ఒకరికొకరు పెట్టుకున్న పేర్లు. ఆమె యాంటెన్నా గీస్తుంది, అతను లోపాలు వెతుకుతాడు. చేస్తున్నది అగ్గిపెట్టెంత వైర్‌లెస్ మాడ్యూలు. రోగి మంచం దగ్గర మీట నొక్కితే పక్క గదిలో నర్సు బల్ల మీద పచ్చ దీపం వెలగాలి. అంతే. ఆ 'అంతే' కోసమే ఆమెను హెడ్డాఫీసు నుంచి పిలిపించారు. దీపం నిలకడగా వెలిగిన రోజే ఆమె తిరుగు ప్రయాణం.

అసలు జబ్బును ఆమె వచ్చీ రాగానే పట్టేసింది. "బ్యాటరీని తెచ్చి యాంటెన్నా నెత్తిన కూర్చోబెట్టారేంటండీ? మీ నోటికి ఎవరైనా చెయ్యి అడ్డం పెడితే మీరు మాట్లాడతారా?" అని బ్యాటరీని అవతలికి జరిపి, బొటనవేలంత రాగి తీగను కొసన కాస్త కత్తిరించింది. దీపం భేషుగ్గా వెలిగింది. తెల్లారేసరికి ఆరిపోయింది. అప్పట్నుంచీ ఇదే వరస. ఓసారి తీగ అతుకు ఊడింది. ఓసారి కనెక్టరు వదులైంది. ఇంకోసారి తీగ వంగి ఇనుప స్టాండుకు ఆనుకుంది.

"నేను వేసిన అతుకు ఇంతవరకూ ఊడలేదు, తెలుసా?" అని ఆమె మూతి ముడుచుకునేది.

"మహా పెంకి మాడ్యూలండీ ఇది," అని అతను ఓదార్చేవాడు. ఇద్దరూ భూతద్దం మీదికి తలలు వంచి, ఒకర్నొకరు ఆటపట్టించుకుంటూ మళ్ళీ మొదలుపెట్టేవారు. ఆ గదిలో ఇంత నవ్వు అతను ఉద్యోగంలో చేరాక ఎన్నడూ వినలేదు. ఈ మనిషి వెళ్ళిపోతే ఎలా అని బెంగ పట్టుకుంది. చెబుదామంటే నోరు పెగలదు.

ఇంతలో మేనేజరు తలుపు తోసుకుని వచ్చాడు. "ఏమ్మా, ఇంకా తేలలేదా? సాయంత్రం రైలుకు నీకు టికెట్ తీయించాను. అరగంటలో వచ్చి చూస్తా. వెలిగిందా, బయల్దేరు. లేదా, టికెట్ రద్దు చేసి పని తేలేదాకా ఇక్కడే."

ఆమె అతుకు మళ్ళీ వేసి, దీపం చూడ్డానికి పక్క గదిలోకి వెళ్ళింది. అతను మీట నొక్కాడు.

"వెలిగింది," అని కేకేసింది. ఆ గొంతులో ఎప్పటి హుషారు లేదు.

అతను మీట వదిలేసి లేచాడు. "టీ తెస్తానుండండి," అని బయటికి నడిచాడు. ఇవాళ చెప్పకపోతే ఇంకెప్పుడు చెబుతానని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. తీరా తిరిగొచ్చేసరికి మేనేజరు అక్కడే ఉన్నాడు, టపటపా మీట నొక్కుతూ. తెరిచిన తలుపులోంచి కనబడుతున్న పక్క గది దీపం వెలగలేదు.

"ఇదేం ఖర్మయ్యా! టికెట్ రద్దు!" అని ఆయన విసవిసా వెళ్ళిపోయాడు.

"అయ్యో," అంది ఆమె, చేతులు వెనక్కి పెట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ.

అతను భూతద్దం అందుకున్నాడు. రాగి తీగ మొదలంటా నున్నగా తెగి ఉంది. చూస్తుండగానే అతని మొహం చాటంత అయింది.

"టీ తాగండి, చల్లారిపోతుంది. దీనికి చాలా రోజులు పట్టేట్టుంది," అన్నాడు.

"పట్టనివ్వండి," అంది ఆమె, ఇటు తిరక్కుండానే.

ఈసారి పాడుచేసింది అతను కాదు.