తగరపు కప్పు

"కప్పు పోయింది!"

ఆర్విల్ కేకకు, తుపాకులు తుడుచుకుంటున్న పద్దెనిమిది మందీ చేతులు ఆపేశారు.

పోటీకి ఇంకా అరగంటే ఉంది. కోల్డర్ క్రీక్ తుపాకీ క్లబ్బు మొత్తానికి ఉన్నది ఒకే ఒక్క బహుమతి. పెద్ద మగ్గులా ఉండే పాత తగరపు కప్పు. గెలిచినవాడు ఇంటికి తీసుకుపోయి, మరుసటి జూన్‌లో తిరిగి తేవాలి. వరసగా మూడుసార్లు గెలిస్తే అది వాడి సొంతం. యాభై మూడేళ్లలో ఎవడివల్లా కాలేదు.

ఆర్విల్ వరసగా రెండుసార్లు గెలిచాడు. ఇవాళ గెలిస్తే మూడు.

"గారేజీలో బల్ల మీదే పెట్టాను. పొద్దున చూస్తే లేదు!"

"బల్ల మీదా? బీరువాలో పెట్టమని చెప్పానా లేదా?" అంది భార్య వెర్నా.

"సీసం కరిగించి తూటాలు పోసేటప్పుడు కళ్లెదురుగా ఉంటే హుషారుగా ఉంటుందని..."

"ఓడిపోతానని ముందే దాచేశావేమో చూసుకో," అన్నాడు డేల్. ఆర్విల్‌కి పోటీ అంటే వాడొక్కడే.

ఆర్విల్ వినలేదు. దూరంగా, గురిబల్లల వెనక, కాల్చిన తూటాలు దిగబడే మట్టికట్ట దగ్గర జల్లెడ పట్టుకుని కూర్చున్న మనిషిని చూస్తున్నాడు. మాసికల కోటు, తెల్లగడ్డం.

"వాడే! పోయిన ఆదివారం మా గారేజీ గుమ్మంలో నిలబడ్డది వాడే!"

నలుగురు వెళ్లి ముసలాయన్ని తీసుకొచ్చారు.

"ఏమయ్యా, మా ఇంటికొచ్చావా లేదా?"

"వచ్చాను. మట్టికట్టలో సీసం ఏరుకుంటానని అడిగాను. మీరు మరిగే సీసంలో మగ్గులు వేస్తూ, తల నావైపు తిప్పి, పది నిమిషాలు తిట్టారు. తిట్టి, సరే ఏరుకో పొమ్మన్నారు."

ఎవరో కిసుక్కుమన్నారు.

"నా కప్పేదీ?"

"బకెట్ ఇదిగో. బండి అదిగో. వెతుక్కోండి."

డేల్ బకెట్ బోర్లించాడు. మట్టి, చితికిన సీసం ముక్కలు. బండిలో ఒక దుప్పటి, కాఫీ ఫ్లాస్కు. అంతే.

"ఎక్కడో అమ్మేసుంటాడు. షెరీఫ్‌కి ఫోన్ కొట్టండి!" అని అరిచాడు ఆర్విల్.

ముసలాయన కంగారు పడలేదు. ఆర్విల్ పెట్టెలోంచి ఒక తూటా తీసి ఎండకు పెట్టి చూశాడు. అద్దంలా తళుక్కుమంది.

"సొంతంగా పోసినవేనా?"

"మరి? కొట్లో తూటా నేను ముట్టను." అంత కోపంలోనూ ఆర్విల్ ఛాతీ పొంగింది. "ఇంత మెరుపు ఈ జిల్లాలో ఇంకెవడి తూటాకైనా ఉందేమో అడుగు!"

"తగరం బాగా పడింది."

"పడదూ? చర్చివాళ్లు పాత సామాన్లు అమ్మితే తగరపు మగ్గులు కొనుక్కొచ్చి కలిపాను."

"ఎన్ని మగ్గులు కొన్నారు?"

"నాలుగు. నీకెందుకు?"

ముసలాయన తూటాను అరచేతిలో అటూ ఇటూ దొర్లించాడు. తల వంచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

"ఏడుపుతో నేను కరగను!"

"ఏడవటం లేదు బాబూ," అంటూ తలెత్తాడు. కళ్లు నవ్వుతున్నాయి. "హాయిగా కాల్చండి. ఒక్కటే కోరిక. పోటీ అయ్యాక మీ గురిబల్ల వెనక మట్టి నాకిప్పించండి. మీది మాత్రమే."

"అడిగింది మట్టేగా, ఇచ్చి పంపు. పోటీ రోజున పోలీసుల గోలెందుకు?" అంది వెర్నా.

"తీసుకుపో! మళ్లీ ఈ గేటు తొక్కావో..."

పోటీ మొదలైంది. నలభై తూటాలు. ముప్పై తొమ్మిది పేలేసరికి డేల్, ఆర్విల్ సమానం. డేల్ చివరి తూటా నడిచుక్క పక్కన తగిలింది. ఆర్విల్ ఊపిరి బిగబట్టి మీట నొక్కాడు.

నట్టనడుమ!

టోపీలు గాల్లోకి లేచాయి. డేల్ పరుగెత్తుకొచ్చి వాణ్ణి భుజాన ఎత్తుకున్నాడు.

"సరే, కప్పేదీ?" అని ఎవరో అడిగారు.

వెర్నా కాగితం గ్లాసులో కాఫీ పోసి మొగుడి చేతిలో పెట్టింది. "ప్రస్తుతానికి ఇదే. ఇదైనా పోగొట్టుకోకు."

అందరూ పడీపడీ నవ్వారు. ఆర్విల్ కూడా నవ్వాడు. కానీ ఖాళీ గ్లాసును పారెయ్యడానికి మనసొప్పలేదు.

ఈలోగా ముసలాయన రెండు బకెట్ల మట్టి నింపుకుని వెళ్లిపోయాడు. ఆయన పేరేమిటో ఎవరూ అడగలేదు.

నెల తిరిగాక, మీటింగు రోజున క్లబ్బుకి ఒక పార్సిల్ వచ్చింది. ఎక్కడినుంచో రాసి లేదు. డేల్ ఒంటిచేత్తో ఎత్తబోయి, రెండు చేతులూ వేశాడు.

లోపల కప్పు!

అదే ఆకారం. అదే వంపు పిడి. పొట్ట మీద అదే కొమ్ముల జింక. ఆర్విల్ పసిబిడ్డను ఎత్తుకున్నట్టు గుండెకు హత్తుకున్నాడు.

"చూశారా? దొంగవెధవ భయపడి తిరిగిచ్చాడు!"

"ఇంత బరువుందేమిటి మరి?" అన్నాడు డేల్.

"అడుగున ఏదో చెక్కి ఉంది. ఇటివ్వు." వెర్నా కప్పు తిరగేసి, కళ్లజోడు పెట్టుకుంది.

"గట్టిగా చదువు, అందరికీ వినపడాలి!" అన్నాడు ఆర్విల్.

చదివింది.

"'ఇది సీసం, ఇందులో ఏమీ తాగకండి. కొన్న మగ్గులు నాలుగు. ఆ ఆదివారం గుమ్మంలోంచి నేను లెక్కపెట్టినవి అయిదు.'"

ఆర్విల్ నోరు తెరిచాడు. మూయలేదు.

"ఇంకా ఉందా?" అన్నాడు డేల్.

వెర్నా పెదవులు బిగబట్టింది. నవ్వు ఆగటం లేదు. అయినా గట్టిగానే చదివింది:

"'ఈ కప్పును యాభై మూడేళ్ల కింద ఒకసారి, ఇప్పుడొకసారి పోసినవాడు ఆగస్ట్ లిండ్‌క్విస్ట్, మధ్యలో కరిగించినవాడు ఆర్విల్ స్టాంగెలాండ్.'"