వదులు చొక్కా

"ఆగు డెల్లా! ఇలా రా," అని కుస్తీ పరుపు మీద నుంచి కేకేశాడు కోచ్ రూబెన్. శాన్‌డియాగోలోని ఆ జుజిత్సు క్లాసుకు ఆమె మూడు నెలల తర్వాత వచ్చింది.

"ఏమిటా చొక్కా, గోనెసంచిలా? అవతలివాళ్ల వేళ్లు అందులో ఇరుక్కుంటే విరుగుతాయి. చర్మంలా అతుక్కోవాలని ఎన్నిసార్లు చెప్పాలి?"

"చెప్పారు కోచ్."

"డ్రయ్యర్‌లో వేశావు కదూ? ఆ వేడికే బట్ట బిగువంతా పోతుంది."

"లేదు. మీరు చెప్పినట్టే చన్నీళ్లలో ఉతికి, నీడలో ఆరేశాను."

"అయితే మీ ఆయనది తొడుక్కొచ్చావా?"

"నాదే. మే నెల పోటీలకి మీరే సైజు చూసి ఇప్పించారు."

రూబెన్ నమ్మకుండా చొక్కా అంచు పట్టి సాగదీసి వదిలాడు. అది టప్పున ముడుచుకుంది. బట్టలో బిగువు ఏమాత్రం తగ్గలేదు.

అప్పుడు ఆమె మెడ కింద ఎముకల వైపు చూశాడు.

"చిన్నది కొందామనుకున్నా," అంది డెల్లా నవ్వబోతూ. "నెల తిరక్కుండా అదీ వదులైపోతుందని డాక్టరమ్మ చెప్పేసింది."

రూబెన్ ఆమె ఎదుట మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఊఁ, కానీ. నీ పట్టు వెయ్యి," అన్నాడు.

ఆ వదులులో చిక్కుకోకుండా తన వేళ్లన్నీ పిడికిళ్లలో దాచుకున్నాడు.